రాత్రిపూట పళ్ల సెట్టు ఎక్కడ పెడుతున్నారు?

కట్టుడు పళ్లు ఉన్న పెద్దవాళ్లు మా దంత విభాగానికి వచ్చినప్పుడు మేము ముందుగా ఒక ప్రశ్న అడుగుతాము. "రాత్రి పడుకునేటప్పుడు సెట్టు తీస్తారా?" చాలామంది వెంటనే జవాబు చెప్పరు. వెంట వచ్చిన కొడుకు వైపో కోడలి వైపో ఒకసారి చూస్తారు. కొందరు "తీస్తాను డాక్టరమ్మా" అంటారు. పక్కనున్న మనవరాలు ఊరుకోదు, "లేదు, నానమ్మ ఎప్పుడూ తియ్యదు" అని నవ్వేస్తుంది.

తీయకపోవడానికి వారి కారణాలు వారికున్నాయి. పళ్లు లేని నోటితో అల్లుడి ముందు కనబడటం ఎవరికీ ఇష్టం ఉండదు. సెట్టు తీస్తే బుగ్గలు లోపలికి పోతాయి, మాట తేడాగా వస్తుంది, చిన్నపిల్లలు వింతగా చూస్తారు. చుట్టాల ఇంటికి పోయినప్పుడు పదిమంది ఒకే గదిలో పడుకోవలసి వస్తుంది. తీసి పక్కన పెడితే ఎలుక ఎత్తుకుపోతుందేమోనని కొందరి భయం. పల్లెటూరి ఇళ్లలో ఆ భయం నిజమైనదే, నవ్వవలసింది కాదు. ఇంకా కొందరికి పళ్లు కట్టించుకున్న చోట తీయమని ఎవరూ చెప్పనే లేదు. వేల రూపాయలు పెట్టి చేయించుకున్న వస్తువు నోట్లో ఉంటేనే భద్రం అనుకుని, పగలూ రాత్రీ, నెలల తరబడి అలాగే ఉంచుకుంటారు. కోట్‌పల్లి, పెద్దేముల్, బంట్వారం, ధారూరు వైపు గ్రామాల వారికైనా, వికారాబాద్, తాండూరు పట్టణాల వారికైనా ఈ విషయంలో పెద్ద తేడా లేదు.

ఇలాంటివారు సాధారణంగా రెండు బాధలతో వస్తారు. ఒకటి నోట్లో మంట లేదా పుండు. రెండవది నోటి దుర్వాసన. ఈ రెండవ బాధను రోగి తనంతట తాను చెప్పడం తక్కువ. కుటుంబ సభ్యులు ఎవరో గది బయట ఆగి, మెల్లగా మాకు చెప్పి పోతారు.

దుర్వాసన గురించి ఒక మాట చెప్పాలి. తన నోటి వాసన తనకు తెలియదు, ముక్కు దానికి అలవాటుపడిపోతుంది. మనవడు ఒడిలో కూర్చోవడం మానేస్తాడు. పక్కన కూర్చున్నవారు ముఖం కాస్త అటు తిప్పుకుంటారు. ఆరాధనలో పాట పాడేటప్పుడు ముందు వరుసలోని వారు వెనక్కి తిరిగి చూసినట్టనిపిస్తుంది. పెద్దావిడకు ఈ మార్పులన్నీ కనిపిస్తాయి గాని కారణం తెలియదు. తన వయసును చూసి అసహ్యించుకుంటున్నారని మనసులో బాధపడుతుంది. ఇంట్లో వారికి కారణం తెలుసు గాని చెప్పడానికి నోరు రాదు. అయిదు నిమిషాల శుభ్రతతో పోయే సమస్య ఇలా సంవత్సరాల దూరం పెంచిన ఇళ్లను మేము చూశాము. కాబట్టి ఇంట్లో ఎవరో ఒకరు, నలుగురిలో కాకుండా ఒంటరిగా ఉన్నప్పుడు, ప్రేమగా చెప్పడమే మంచిది. సోంపు, లవంగం నమలడం వల్ల కాసేపు వాసన కప్పబడుతుందే గాని పోదు.

ప్లాస్టిక్ పళ్లకు కూడా పాచి పడుతుందా?

"ఇవి నా పళ్లా ఏమన్నానా, పుచ్చిపోవడానికి? వీటిని తోమేదేంది?" అని ఒక పెద్దాయన మమ్మల్ని గట్టిగానే అడిగారు. అడగవలసిన ప్రశ్నే. కట్టుడు పళ్లు పుచ్చిపోవు, నిజమే. కానీ వాటికి పాచి పడుతుంది, మన సొంత పళ్లకు పట్టినట్టే.

ఇప్పుడు చేసే సెట్లు చాలావరకు అక్రిలిక్ అనే ప్లాస్టిక్‌తో తయారవుతాయి. 1930ల చివరి నుంచి ఈ పదార్థం వాడకంలోకి వచ్చింది. అంతకు ముందు చాలాకాలం గట్టిపరచిన రబ్బరుతో చేసేవారు. మీ సెట్టును చేతిలోకి తీసుకుని వేలితో తడిమి చూడండి. బయటి వైపు గాజులా నున్నగా ఉంటుంది. అంగిలికి, చిగుళ్లకు ఆనుకునే లోపలి వైపు కొంచెం గరుకుగా ఉంటుంది. అది మీ నోటి అచ్చు ప్రకారం చేసింది గనుక దానికి మెరుగు పెట్టరు, పెడితే నోటికి సరిగ్గా అతకదు. ఆ గరుకుతనంలోను, అక్రిలిక్‌లో కంటికి కనబడని సన్నని రంధ్రాలలోను సూక్ష్మజీవులు చేరి గూడు కట్టుకుంటాయి. జొన్నరొట్టె తునకలు, పల్లీ చట్నీలోని పలుకులు, కందిపప్పు పొట్టు సెట్టు కిందికి చేరి వాటికి ఆహారమవుతాయి.

మామూలుగా మన నోటిని ఎప్పటికప్పుడు కడిగేది ఉమ్మి. పై సెట్టు అంగిలిని పూర్తిగా మూసివేస్తుంది గనుక దాని కిందికి ఉమ్మి సరిగా పోదు, గాలీ తగలదు. గాలి తగలని చోట పెరిగే సూక్ష్మజీవులు ఆహారపు మిగుళ్లను కుళ్లబెట్టి గంధకంతో కూడిన వాయువులను విడుదల చేస్తాయి. కుళ్లిన గుడ్డుకు వాసన వచ్చేది కూడా అలాంటి వాయువు వల్లే. వాసన ఎక్కడి నుంచి వస్తోందో తెలుసుకోవాలంటే సులువైన మార్గం ఉంది. సెట్టు తీసి ఒక మూత డబ్బాలో వేసి, కొన్ని నిమిషాలాగి మూత తెరిచి వాసన చూడండి. సందేహం తీరిపోతుంది.

పాచిని రోజూ తీయకపోతే అది గట్టిపడి గార అవుతుంది. మన తాండూరు వైపు సున్నపురాయి నేల. బోరు నీళ్లు కాచిన గిన్నె అడుగున తెల్లటి పొర కట్టడం చాలా ఇళ్లలో చూసేదే. ఉమ్మిలో ఉండే కాల్షియం కూడా ఇంచుమించు ఇలాగే పాచిలో చేరి దాన్ని రాయిలా మారుస్తుంది. ఒకసారి గార పట్టిందంటే బ్రష్షుకు లొంగదు.

నొప్పి లేని ఎరుపు

ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతాము, ఎందుకంటే ఎక్కువమంది నిర్లక్ష్యం చేసేది దీన్నే.

కాండిడా అనే ఒక శిలీంధ్రం ఉంది. చాలామంది నోళ్లలో అది కొద్దిగా ఉంటూనే ఉంటుంది, ఏ హానీ చేయదు. చంటిపిల్లల నాలుక మీద పెరుగు తరకల్లాంటి తెల్లని పూత వస్తుందే, అది ఈ శిలీంధ్రం పనే. సెట్టు కింద వెచ్చగా, తడిగా, గాలి లేకుండా ఉన్న చోటు దొరికితే అది విపరీతంగా పెరుగుతుంది. అప్పుడు అంగిలి ఎర్రబడుతుంది. ఆ ఎరుపు ఎలా ఉంటుందంటే, సెట్టు ఎంత మేర కప్పుతుందో సరిగ్గా అంత మేర, గీత గీసినట్టు ఉంటుంది. సెట్టు తీయించి టార్చిలైటు వేసి అద్దంలో చూపిస్తే రోగులే ఆశ్చర్యపోతారు. "మరి నాకు నొప్పి లేదే!" అంటారు.

చాలామందికి నొప్పి ఉండదు. అదే దీనితో వచ్చిన చిక్కు. కొందరికి కారం తగిలినప్పుడు మంట, మరికొందరికి రుచి తెలియకపోవడం ఉంటుంది, అంతే. వేరు వేరు దేశాల్లో జరిగిన పరిశీలనల ప్రకారం కట్టుడు పళ్లవారిలో తక్కువలో తక్కువ 15 శాతం నుంచి, కొన్ని చోట్ల 70 శాతం దాకా ఈ వాపు కనబడింది. పగలూ రాత్రీ సెట్టు తీయనివారిలో, సరిగా కడగనివారిలో ఇది ఎక్కువ.

నోటి మూలలు పగిలి, ఎర్రబడి, ఆవులించినప్పుడు చురుక్కుమనడం ఇంకొక గుర్తు. దీన్ని వేడి చేసిందని అనుకుని వెన్న రాస్తారు, లేదా విటమిన్ బిళ్లలు కొని మింగుతారు. రక్తహీనత వల్ల, విటమిన్ల లోపం వల్ల కూడా మూలలు పగులుతాయి, కాదనము. కానీ పాత సెట్టు అరిగి, పై దవడ కింది దవడ మరీ దగ్గరపడి, పెదవుల మూలల్లో మడత పడి, అందులో ఉమ్మి నిలిచి ఈ శిలీంధ్రం చేరడం కట్టుడు పళ్లవారిలో తరచుగా చూస్తాము. వెన్నతో అది పోదు.

షుగరు వ్యాధి ఉన్నవారికి, ఆయాసానికి పీల్చే మందు వాడేవారికి, ఎక్కువ రోజులు యాంటిబయాటిక్ వాడినవారికి, కొన్ని రకాల మందుల వల్ల నోరు ఎండిపోయేవారికి ఈ బాధ త్వరగా వస్తుంది, త్వరగా తగ్గదు. పీల్చే మందు వాడేవారు ప్రతిసారీ సెట్టు తీసి నోరు పుక్కిలించి ఉమ్మాలి. అంగిలి ఎరుపు ఎంతకూ తగ్గనివారికి మేము రక్తంలో షుగరు కూడా పరీక్ష చేయిస్తాము.

చికిత్స కష్టమైనది కాదు. శిలీంధ్రాన్ని చంపే మందు చుక్కలుగానో పూతగానో ఇస్తాము, అవసరమైతే బిళ్లలు. అయితే మందు నోటికి మాత్రమే వేసి, సెట్టును అలాగే ఉంచితే ఫలితం ఉండదు. శిలీంధ్రం సెట్టులోనే కాపురం చేస్తోంది గనుక, మందు ఆపగానే అక్కడి నుంచి మళ్లీ అంగిలికి పాకుతుంది. ఇల్లు ఊడ్చి చెత్తను గడప లోపలే పోసినట్టు. అందుకే నోటికీ సెట్టుకూ ఒకేసారి చికిత్స జరగాలి. ఇంకొక ముఖ్యమైన జాగ్రత్త. గుండె జబ్బుకు రక్తం పలుచబడే మందు, ముఖ్యంగా వార్ఫరిన్, వాడేవారు ఆ సంగతి తప్పక చెప్పాలి. ఈ శిలీంధ్రపు మందులు కొన్ని దానితో కలిసి రక్తస్రావం తెస్తాయి. మందుల దుకాణంలో అడిగి పూత తెచ్చుకునేవారికి ఈ ప్రశ్న ఎవరూ వేయరు.

పుండ్ల సంగతి వేరు. సెట్టు అంచు గీరుకుని పుండు పడితే, అంచు సరిచేయించిన తర్వాత కొద్ది రోజుల్లో మానిపోవాలి. రెండు వారాలు దాటినా మానని పుండును, తెల్లని లేదా ఎర్రని మచ్చను తప్పనిసరిగా చూపించుకోవాలి. బీడీ, చుట్ట, గుట్కా, తంబాకు అలవాటు ఉన్నవారు, మానేసినవారు కూడా, ఒక్క రోజు కూడా వాయిదా వేయకూడదు. "సెట్టు ఒత్తుకుంటోంది, అంతే" అనుకుంటూ ఉండగా కాన్సరు ముదిరిపోయే ప్రమాదం ఉంది.

నోటి నుంచి ఊపిరితిత్తులకు

పెద్దవాళ్లకు దగ్గు, జ్వరం విడవకపోతే మన ప్రాంతంలో ముందుగా గుర్తుకొచ్చేది క్షయ. నిజాం కాలం నుంచి అనంతగిరి గుట్ట మీద క్షయ ఆసుపత్రి ఉండటం వల్ల ఆ పేరు అందరి నోళ్లలో నానింది. రెండు వారాలకు మించిన దగ్గుకు కళ్లె పరీక్ష చేయించవలసిందే, అందులో రెండో మాట లేదు. కానీ ముసలివారి దగ్గు, జ్వరాల వెనుక నోటి మురికి కూడా ఉండవచ్చునని చాలామందికి తెలియదు.

నిద్రలో మనందరి ఉమ్మి కొద్ది కొద్దిగా ఊపిరితిత్తుల వైపు జారుతుంది. ఆరోగ్యవంతులు దాన్ని తట్టుకుంటారు. వయసు మళ్లినవారిలో, పక్షవాతం వచ్చినవారిలో మింగే శక్తి, దగ్గే శక్తి తగ్గిపోతాయి. జారే ఉమ్మిలో సూక్ష్మజీవులు నిండి ఉంటే అది న్యుమోనియాగా మారుతుంది.

జపాన్ దేశంలో ముసలివారు ఎక్కువ గనుక ఈ విషయాన్ని అక్కడ బాగా పరిశీలించారు. 85 సంవత్సరాలు, అంతకు పైబడిన 524 మందిని సుమారు మూడు సంవత్సరాలు గమనించి 2015లో ఫలితాలు ప్రచురించారు. సెట్టుతోనే నిద్రపోయేవారికి న్యుమోనియా వచ్చే ప్రమాదం, తీసి పడుకునేవారితో పోలిస్తే రెండింతలకు పైగా ఉన్నట్టు తేలింది. వారి సెట్ల మీద, నాలుక మీద పాచి, చిగుళ్ల వాపు, కాండిడా కూడా ఎక్కువగా కనిపించాయి. ఇది గమనించి చేసిన పరిశీలన మాత్రమే. పళ్లు తీయనివారు ఇతర విషయాల్లో కూడా తమను తాము పట్టించుకోనివారు కావచ్చు. కాబట్టి న్యుమోనియా అంతా సెట్టు వల్లే వచ్చిందని మేము చెప్పడం లేదు.

అయితే అదే దేశంలో అంతకు ముందు జరిగిన మరొక అధ్యయనం ఇంకా గట్టిది. 11 వృద్ధాశ్రమాల్లోని ముసలివారిని రెండు జట్లుగా చేశారు. ఒక జట్టుకు ప్రతి భోజనం తర్వాత సేవకులు పళ్లు, నోరు శుభ్రం చేశారు. రెండవ జట్టు మామూలుగా ఉండే పద్ధతిలోనే ఉంది. రెండు సంవత్సరాల్లో మామూలు జట్టులో 19 శాతం మందికి న్యుమోనియా వస్తే, నోరు శుభ్రం చేసిన జట్టులో 11 శాతం మందికి వచ్చింది. 2002లో ఇది ప్రచురితమైంది. సెలైను కాదు, ఖరీదైన ఇంజెక్షను కాదు, నోరు కడగడం. మా వార్డుల్లో నర్సులు మంచం పట్టిన పెద్దవారి సెట్టు గురించి అంత పట్టుబట్టేది ఇందుకే.

కడగడం ఎలా?

ముందుగా కింద ఒక బకెట్టులోనో తొట్టిలోనో నీళ్లు పోసి పెట్టుకోండి, లేదా మందపాటి తువ్వాలు మడిచి పరవండి. మన ఇళ్లలో నేల తాండూరు బండ. సబ్బు నురుగుతో ఉన్న సెట్టు చేతిలోంచి జారి ఆ బండ మీద పడితే రెండు ముక్కలే. మా దగ్గరికి అతికించమని వచ్చే సెట్లలో ఇలా పగిలినవే ఎక్కువ.

ప్రతిసారి తిన్న తర్వాత తీసి మంచినీళ్లతో కడగాలి, నోరు పుక్కిలించాలి. పొలంలోనో పెళ్లిలోనో ఉన్నప్పుడు కనీసం ఇంతమాత్రం చేస్తే చాలు. రాత్రి మాత్రం అసలైన పని. మెత్తటి బ్రష్షు, కొంచెం సబ్బు లేదా గిన్నెలు తోమే ద్రవం రెండు చుక్కలు, చల్లని నీళ్లు. అన్ని వైపులా తోమాలి, ముఖ్యంగా ఆ గరుకైన లోపలి వైపు. అందరూ పైకి కనబడే పళ్లనే తోముతారు, వాసన వచ్చేది మాత్రం లోపలి వైపు నుంచి. సబ్బు పూర్తిగా పోయేలా కడిగి, మూత ఉన్న డబ్బాలో, సెట్టు మునిగేంత నీళ్లు పోసి అందులో ఉంచాలి. ఆరిపోతే అక్రిలిక్ ఆకారం కొంత మారవచ్చు. ఆ నీళ్లు రోజూ మార్చాలి. పొద్దున మళ్లీ కడిగి పెట్టుకోవాలి. ఎలుకల భయం ఉన్నవారికి కూడా ఈ మూత డబ్బాయే సమాధానం. గ్లాసులో వేయకండి, చీకట్లో ఎవరైనా నీళ్లనుకుని తాగుతారు.

సెట్టు తీశాక నోటిని మరచిపోతారు. శుభ్రమైన తడిగుడ్డను వేలికి చుట్టి చిగుళ్లు, అంగిలి, నాలుక మెల్లగా తుడవాలి. దీనివల్ల రక్తప్రసరణ కూడా బాగుంటుంది. రాత్రి ఆరేడు గంటలు చిగుళ్లకు విశ్రాంతి దొరకాలి. రోజంతా బూటు వేసుకున్న కాలుకు రాత్రి ఎంత హాయిగా ఉంటుందో అంతే. రాత్రి తీయడం బొత్తిగా కుదరనివారు, ఇంట్లో అందరూ పనులకు పోయిన పగటి వేళ కొన్ని గంటలైనా తీసి ఉంచండి. రాత్రి తీయడమే మేలని మా అభిప్రాయం, కానీ అసలు తీయకపోవడం కంటే ఇది నయం.

కట్టుడు పళ్లను నీళ్లలో పెట్టి బ్రష్షుతో తోమమనడం నేటి మాట కాదు. అమెరికా తొలి అధ్యక్షుడు జార్జ్ వాషింగ్టన్‌కు కట్టుడు పళ్లుండేవి. అవి చెక్కతో చేసినవని లోకం చెప్పుకుంటుంది గాని నిజానికి దంతం, మనుషుల పళ్లు, లోహాలు కలిపి చేసినవి. 1798లో ఆయన బాగుచేయమని పంపిన సెట్టు నల్లబడి ఉండటం చూసి దంతవైద్యుడు జాన్ గ్రీన్‌వుడ్ ఉత్తరం రాశాడు. ద్రాక్షసారాయి పులుపు వల్ల మెరుగంతా పోయిందని, భోజనం తర్వాత తీసి శుభ్రమైన నీళ్లలో వేయాలని, లేదా సుద్దపొడితో బ్రష్షు చేయాలని సలహా ఇచ్చాడు. సుద్దపొడి ఒక్కటీ తప్పించి మిగతాది ఈనాటికీ పనికొచ్చే సలహాయే.

సుద్ద ఎందుకు వద్దంటే, అక్రిలిక్ మన పంటి కంటే చాలా మెత్తనిది. పళ్లపొడి, బూడిద, బొగ్గు, ఉప్పు, ఇటుక పొడి, గిన్నెలు తోమే పీచు ఏది వాడినా గీతలు పడతాయి, ఆ గీతల్లోకే పాచి చేరుతుంది. మామూలు టూత్‌పేస్టు కూడా సెట్టుకు గరుకే, సబ్బు చాలు. వేడినీళ్లలో మరిగిస్తే క్రిములు చస్తాయని కొందరు మరిగిస్తారు. క్రిములతో పాటు సెట్టు కూడా వంకరపోతుంది, తర్వాత అది నోటికి పట్టదు. ఎండలో ఆరబెట్టవద్దు. బ్లీచింగ్ నీళ్లు డాక్టరు చెప్పిన పాళ్లలో, చెప్పినంతసేపు మాత్రమే వాడాలి, పది నిమిషాలకు మించకూడదు. లోహపు తీగలున్న సెట్టుకు అసలే వద్దు.

గార పట్టిన పూర్తి అక్రిలిక్ సెట్టును, తెల్ల సిర్కాలో అంతే నీళ్లు కలిపి కాసేపు నానబెట్టి తోమితే కొంత వదులుతుంది. మిగిలినది కత్తితో గీకకండి, మా దగ్గరకు తెస్తే తీసి మెరుగు పెడతాము. క్లిన్‌సోడెంట్, ఫిటీడెంట్ వంటి పేర్లతో సెట్లు నానబెట్టే మందులు దుకాణాల్లో దొరుకుతాయి. అవి మంచివే, బ్రష్షుతో తోమిన తర్వాత వాడితే. తోమకుండా బిళ్ల వేసి వదిలేస్తే పాచి పొర అలాగే ఉంటుంది. ఆ నీళ్లు నోట్లో పోసుకోకూడదు, సెట్టును బాగా కడిగాకే పెట్టుకోవాలి. ఈ బిళ్లల్లో వాడే పర్‌సల్ఫేట్ అనే రసాయనం కొందరికి పడదని 2008లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరించింది. వాడిన తర్వాత నోరు మండినా, దద్దుర్లు, ఆయాసం వచ్చినా వెంటనే ఆపాలి.

పగిలిన సెట్టును ఫెవిక్విక్‌తో అతికించుకుని వచ్చినవారు మాకు కొత్త కాదు. దయచేసి అలా చేయకండి. అది నోట్లో పెట్టుకోవలసిన జిగురు కాదు, పైగా ముక్కలు కొంచెం తేడాగా అతికినా ఇక సరిచేయడం సాధ్యం కాదు. ముక్కలన్నీ ఒక డబ్బాలో వేసి తీసుకురండి.

కొన్ని పళ్లే కట్టించుకున్నవారికి ఒక మాట. కొక్కెం తగిలించిన సొంత పన్నును, దాని చుట్టూ ఉన్న చిగురును రోజూ పేస్టుతో బాగా తోముకోవాలి. ఆ కొక్కెం చుట్టూ పాచి చేరి పన్ను పుచ్చిపోతే, సెట్టుకు పట్టు పోతుంది.

తీయడానికి రాని కట్టుడు పళ్లు

సంతల్లో, జాతరల్లో, బస్టాండుల దగ్గర కూర్చుని అరగంటలో "పర్మనెంటు" పళ్లు బిగించేవారున్నారు. పక్క పళ్లకు తీగ చుట్టి, అప్పటికప్పుడు గట్టిపడే ప్లాస్టిక్‌ను చిగుళ్ల మీదనే పోసి అతికిస్తారు. తక్కువ ఖర్చు, తీసే పని లేదు, అందుకే ఆకర్షణ. తీయరాదు కాబట్టి దాని కింద ఎన్నటికీ శుభ్రం కాదు. కొన్ని నెలలకు చిగురు కుళ్లి, చీము పట్టి, భరించలేని వాసనతో వస్తారు. దాన్ని కోసి తీసేసరికి చాలాసార్లు పక్కనున్న మంచి పళ్లు కూడా కదిలిపోయి ఉంటాయి. పేదవారిని మేము తప్పుపట్టము, దంతవైద్యం ఖర్చు అలాంటిది. కానీ వికారాబాద్‌లోనే దంతవైద్య కళాశాల ఉంది, హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లో ప్రభుత్వ దంత వైద్యశాల ఉంది. కళాశాలల్లో విద్యార్థులు తమ గురువుల పర్యవేక్షణలో పళ్లు కడతారు, ఎక్కువసార్లు తిరగవలసి వస్తుంది, కానీ ఖర్చు తక్కువ.

మంచి సెట్టు కూడా ఎల్లకాలం సరిపోదు. పళ్లు తీసిన తర్వాత దవడ ఎముక అరుగుతూ పోతుంది, మొదటి సంవత్సరంలో మరీ ఎక్కువ. సెట్టు మారదు, నోరు మారుతుంది. వదులైన సెట్టు కిందికి ఆహారం ఎక్కువ చేరుతుంది, చిగురు ఒరుసుకుంటుంది. అతికించే పేస్టు రోజురోజుకూ ఎక్కువ వాడవలసి వస్తోందంటే, లోపలి వైపు కొత్త పొర వేయించుకునే సమయం వచ్చిందన్నమాట. సాధారణంగా 5 నుంచి 7 సంవత్సరాలకు కొత్తది అవసరమవుతుంది. నోట్లో పళ్లు లేకపోయినా సంవత్సరానికి ఒకసారి నోరు చూపించుకోవాలి.

మంచం పట్టినవారికి

పక్షవాతం వచ్చిన అత్తగారికో, మతిమరుపు వచ్చిన తండ్రికో సెట్టు ఉందన్న సంగతే ఇంట్లో వారు మరచిపోతారు. అన్నం తినిపిస్తారు, ఒళ్లు తుడుస్తారు, పక్క మారుస్తారు, నోరు మాత్రం తెరిచి చూడరు. నెలల తర్వాత తీస్తే దాని కింద ఏముంటుందో రాయడం ఇక్కడ బాగుండదు.

తీయడం ఇలా. చేతులు కడుక్కుని, వారిని వీలైనంత కూర్చోబెట్టి, "అమ్మా, పళ్లు కడిగి తెస్తాను" అని ముందుగా చెప్పండి. చెప్పకుండా నోట్లో వేలు పెడితే ఎవరైనా కొరుకుతారు. కింది సెట్టు సులువుగా వస్తుంది, ముందు దాన్ని తీయండి. పై సెట్టు అంగిలికి అతుక్కుని ఉంటుంది. చూపుడు వేలిని బుగ్గ వైపు నుంచి వెనుక అంచు దాకా పోనిచ్చి మెల్లగా కిందికి నొక్కితే గాలి చొరబడి పట్టు వదులుతుంది. తీగలున్నదైతే రెండు వైపులా సమంగా విడిపించాలి, ఒకవైపే లాగితే తీగ వంగిపోతుంది. పక్షవాతం వచ్చిన వైపు బుగ్గలో మెతుకులు నిలిచిపోతాయి, అక్కడ తడిగుడ్డతో తప్పకుండా తుడవాలి. నోట్లో నీళ్లు పోయకండి, పొరమారుతుంది. పూర్తిగా స్పృహలో లేనివారికి, మూర్ఛలు వచ్చేవారికి వదులైన చిన్న సెట్టు ఉంచకపోవడమే మంచిది, మింగేసే ప్రమాదం ఉంది.

ఆపరేషనుకు వచ్చేవారు కూడా సెట్టు సంగతి దాచకూడదు. బ్రిటన్‌లో 72 సంవత్సరాల ఒక వ్యక్తికి కడుపు పైన చిన్న గడ్డ తీసే ఆపరేషను జరిగింది. మత్తు ఇచ్చేటప్పుడు ఆయన ముందు పళ్ల చిన్న సెట్టు తీయలేదు. తర్వాత నోటి నుంచి రక్తం, మింగలేకపోవడం, నొప్పి. మొదట ఛాతీ ఇన్‌ఫెక్షను అనుకుని మందులు ఇచ్చారు. ఎనిమిది రోజుల తర్వాత చూస్తే సెట్టు గొంతులో అడ్డం పడి ఉంది. ఈ సంగతి 2019లో వైద్య పత్రికలో వచ్చింది.

కాబట్టి ఆసుపత్రిలో చేరడానికి వచ్చేటప్పుడు మూత డబ్బా ఒకటి, మెత్తటి బ్రష్షు ఒకటి సంచిలో వేసుకురండి. డబ్బా మీద పేరు, పడక నంబరు రాయించి నర్సుకు చెప్పండి. తీసిన సెట్టును కాగితంలో చుట్టి దిండు కింద పెట్టకండి, అన్నం పళ్లెం అంచున పెట్టకండి. దుప్పట్లతో పాటు ఉతకడానికి, మెతుకులతో పాటు చెత్తబుట్టకు పోతాయి. మళ్లీ కొలతలు తీసి కొత్త సెట్టు చేయడానికి వారాలు పడుతుంది, అప్పటిదాకా జావ, మెత్తని అన్నమే.